బందు దగ్గర చాలని తీగ

కరెంటు బాబాయికి కోపం వస్తే నోరు ముందు పరిగెడుతుంది, బుర్ర వెనకాల తీరిగ్గా వస్తుంది. ఈ మాట ఆయన భార్యే అంటుంది, అదీ ఆయన ఎదురుగానే. ముప్పై ఏళ్లుగా ఇళ్లకీ ఆఫీసులకీ తీగలు లాగుతున్న మనిషి. పనిలో వంక పెట్టడానికి ఉండదు. తలుపు మీదకి తీగ తీసుకెళ్లడమంటే మరీ సరదా. గోడ కదలదు, తలుపు కదులుతుంది. తలుపు తిరిగే బందు పక్కన చెక్క తొలిచి, మెత్తటి స్ప్రింగు గొట్టంలోంచి తీగని దాటించి, తలుపు తెరిచినా మూసినా ఎవరి కంటా పడకుండా చెయ్యాలి. "తలుపు బార్లా తెరిచి కొలవండ్రా, తీగ వదులుగా ఉండాలి" అని తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు.

ఆయన అక్కకి మతిమరుపు బాగా ముదిరింది. అలాంటివాళ్లని చూసుకునే హోములో చేర్పించాడు. వీధి తలుపుకి తాళం వేస్తే అక్క దాన్ని బాది బాది చేతులు వాచగొట్టుకునేది. అందుకని ఆర్నెల్ల కిందట బాబాయే తలుపు పిడిలో చిన్న స్విచ్చు పెట్టి, లోపల్లోపలే సన్న తీగ లాగి, ఆయా బల్ల దగ్గర గంట బిగించాడు. పన్నెండు వోల్టులే, ముట్టుకున్నా ఏం కాదు. లోపలివాళ్లెవరు పిడి మీద చెయ్యి వేసినా గంట మోగుతుంది, ఆయా పరిగెత్తుకొస్తుంది.

నిన్న ఆ గంట మోగలేదు. అక్క చెప్పుల్లేకుండా వెళ్లి, లారీలు తిరిగే రోడ్డు మధ్యలో నిలబడింది. ఎవరో పుణ్యాత్ముడు చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

పొద్దున్నే హోములో అడుగు పెట్టీ పెట్టగానే బాబాయి ఆయా మీద విరుచుకుపడ్డాడు. హాల్లో టిఫిను తింటున్న ముసలివాళ్లందరూ చేతులాపి చూశారు.

"గంట చప్పుడు భరించలేక ఆపేశావు కదూ? మా అక్క లారీ కింద పడుంటే ఏం చేసేదానివి?"

"నేనాపలేదు బాబాయ్‌గారూ. అది ఒక్కోసారి మోగుతోంది, ఒక్కోసారి మోగట్లేదు. మేనేజరుగారికి మూడుసార్లు చెప్పాను."

"నేను వేసిన తీగ ఒక్కోసారి మోగడమేంటి? ఎవరికి చెబుతున్నావీ కబుర్లు? అసలు ఇలాంటి మనిషిని పెట్టుకున్నందుకు మిమ్మల్ననాలి!" ఈ చివరి ముక్క మేనేజరుకి.

మేనేజరుకి అంతకన్నా ఏం కావాలి! మూడుసార్లు చెప్పినా తను పట్టించుకోని సంగతి ఇంక ఎవరూ అడగరు. అక్కడికక్కడే ఆవిణ్ణి పనిలోంచి తీసేశాడు. ఆవిడ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

కోపం దిగకుండానే బాబాయి బందుల మరలు విప్పాడు. ఆవిడేం పాడు చేసిందో మేనేజరుకి చూపించి తీరాలని పంతం. స్విచ్చు బాగానే ఉంది. గంటా బాగానే ఉంది. తలుపు రెక్క ఊడదీసి గోడకి ఆనించి, కంతలోంచి గొట్టం బయటికి లాగాడు. తీగ పైతొడుగు సాగిపోయి తెల్లబడింది. లోపల రాగి పోగులు తెగున్నాయి. తీగకి పరీక్ష మీటరు పెట్టి చూస్తే, వంచినప్పుడు పలుకుతోంది, కాస్త లాగితే ఆగిపోతోంది. ఆయా చెప్పిందీ ఇదేగా మరి.

"ఎవడ్రా దీన్ని ఇలా గుంజింది?" అని అరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. తీగ వేసిననాడు ఈ తలుపు వెనక ఇనుప బీరువా ఉండేది. తలుపు సగమే తెరుచుకుంది. ఇంతకన్నా తెరుచుకోదులే అనుకుని, అంతమేరకే కొలిచి తీగ వదిలాడు. తరవాత బీరువా తీసేశారు. తలుపు వెళ్లి గోడకి తగిలిన ప్రతిసారీ తీగ సాగింది. ఛీ ఛీ! లోకమంతటికీ పాఠాలు చెప్పి, సొంత అక్క ఉండే చోట తనే గడ్డి తిన్నాడు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

విసవిసా వెళ్లి ఆ తీగని మేనేజరు బల్ల మీద పడేశాడు. "తప్పు నాది. ఆవిణ్ణి వెనక్కి పిలవండి."

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఎందుకు బాబాయ్ ఈ రచ్చ? కొత్తది వేసెయ్యండి. మీ పేరూ బయటికి రాదు, నా పేరూ రాదు. ఆవిడెలాగూ వెళ్లిపోయిందిగా."

ఆ మాట ఒక్క క్షణం చెవికి ఇంపుగానే ఉంది. అందుకే బాబాయికి ఇంకా ఒళ్లు మండింది. "నోర్ముయ్యవయ్యా! ఆవిడ మూడుసార్లు చెప్పినప్పుడు నాకొక్క ఫోను చేస్తే నీ సొమ్మేం పోయేది?"

వీధి చివర బస్టాపులో ఆయాని అందుకున్నాడు. "అమ్మా, తెగింది నా తీగే. నీ తప్పేం లేదు. నోటికొచ్చినట్టు వాగాను. పద, వెనక్కి పద."

ఆవిడ భుజం మీది సంచీ దించలేదు. "అందరి ముందూ తిట్టి, ఇక్కడికొచ్చి చాటుగా చెబుతారా? అక్కర్లేదు, వెళ్లండి." అంతలోనే కళ్లు చిట్లించి హోము వైపు చూసింది. "తలుపు ఊడదీసినట్టున్నారు. అక్కడ ఎవర్ని కూర్చోబెట్టొచ్చారు?"

ఎవర్నీ కూర్చోబెట్టలేదని బాబాయికి అప్పుడు తట్టింది.

ఆవిడ సంచీ అక్కడే పడేసి పరిగెత్తింది. వెనక బాబాయి. అక్క అప్పటికే కాలిబాట అంచుకొచ్చేసింది, ఒక కాలు రోడ్డు మీద పెట్టేసింది. ఆయా రెండు చేతులతో నడుం చుట్టి వెనక్కి లాగేసింది. లారీ ఒకటి హారన్ మోగించుకుంటూ వెళ్లిపోయింది.

"అక్కా!" అని ఏడుపుగొంతుతో అరిచాడు బాబాయి.

"ఎవరమ్మా ఆయన, అలా అరుస్తాడు?" అని అక్క ఆయాని అడిగింది.

ఆయా ఆవిణ్ణి లోపలికి నడిపించుకొచ్చి, తలుపు లేని గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. హాల్లో అందరూ చుట్టూ చేరారు. మేనేజరు ఏదో అనబోయాడు. ఆవిడ అతని వైపు చూడనైనా లేదు.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి బాబాయ్‌గారూ," అంది రొప్పుతూనే. "పొద్దున అరిచినంత గట్టిగా."

బాబాయి అంత గట్టిగానే చెప్పాడు.