తాళం పడ్డ డిస్కు, అమ్మ తలుపు

ఉప్పాడలో మా పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయాక కాకినాడలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. వీధి తలుపుకి పాత ఇంటి తలుపు రంగే వేయించాలని అమ్మ పట్టు. ఆ రంగు ఆకుపచ్చ అని ఆవిడ, నీలమని నేను. సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు రంగులేసే ఆయన. పాత ఇంటి ఫొటోలు నా లాప్‌టాప్‌లో ఉన్నాయి, చూసి చెప్తానన్నాను.

నా లాప్‌టాప్‌లో ఉన్నది అందరికీ ఉండే విండోస్ కాదు, లినక్స్. ఆన్ చేయగానే, ఇంకా ఏదీ తెరుచుకోకముందే, డిస్కు తాళం తీయడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈమధ్యే ఆ పాస్‌వర్డ్ మార్చాను. అప్పట్నుంచీ మూత వేయడమే తప్ప దాన్ని ఆపింది లేదు. కరెంటు పోయి, చార్జింగ్ అయిపోయి, ఇవాళే పూర్తిగా ఆగింది. కరెంటు వచ్చాక ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. మళ్లీ తప్పే. నా పాస్‌వర్డ్ నాకు తెలీకపోవడమేంటి? తెరమీద చూద్దామంటే చుక్కలు తప్ప అక్షరాలు కనపడవాయె. దాన్ని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను. నిజంగా భయమేసింది. ఆ ఇంటి ఫొటోలు ఇంకెక్కడా లేవు.

"ఏంటే, నీ పెట్టె కూడా మర్చిపోయిందా?" అంది అమ్మ.

ఈ లినక్స్‌ని నా నెత్తిన పెట్టిన స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"మార్చినప్పుడు కీబోర్డు తెలుగులో ఉందా?" అని అడిగింది.

"నేనెప్పుడూ తెలుగులోనే కదే కొట్టేది!"

"అయితే పాస్‌వర్డ్ తెలుగులో పడింది. తాళం దగ్గర దానికి తెలిసింది ఇంగ్లీషు కీబోర్డొక్కటే, అవే మీటలు నొక్కినా ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. తెల్లార్లూ కొట్టినా అంతే."

ఇన్నాళ్లూ లేని ఇంగ్లీషు ఇప్పుడెక్కడిదో నాకు బోధపడలేదు. స్నేహితురాలు చెప్పినట్టు, అప్పట్లో తనే ఇచ్చిన లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ ఆన్ చేసి, ముందు కీబోర్డు తెలుగుకి మార్చి, అప్పుడు పాస్‌వర్డ్ కొట్టాను. డిస్కు తెరుచుకుంది. ఎందుకు తెరుచుకుందో నాకిప్పటికీ సగమే అర్థమైంది.

ఫొటోలో అమ్మ గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేస్తోంది. వెనక తలుపు. నీలం.

"చూశావా!" అన్నాను గెలిచినట్టు.

అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "నీలమేనే," అంది. "మరి నేను కళ్లు మూసుకుంటే కనపడే ఆకుపచ్చ తలుపు ఎవరిదే?"

గెలిచినందుకు సిగ్గేసింది. రంగులేసే ఆయనకి ఫోన్ చేసి ఆకుపచ్చ తెమ్మన్నాను.

"ఏ ఆకుపచ్చండి? చాలా రకాలున్నాయండి," అన్నాడు.

ఫోన్ అమ్మ చేతికిచ్చాను.