మా అత్తగారు కాఫీ తాగిన మూడేళ్ళు

కడుపులో మంట తగ్గాలంటే కాఫీ మానెయ్యక తప్పదని డాక్టరు నాకు చెప్పిన సంగతి తెలిసి, రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పోయిన ఆదివారం వస్తూ వస్తూ ఒక సంచీడు పొట్లాలు పట్టుకొచ్చింది. వేయించిన శనగల సత్తు పిండి ఒకటి, బార్లీ ఒకటి, ఏవో ఎండుటాకుల పొడి ఒకటి, రాగి పిండి ఒకటి. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల కనుక దానికి తెలుగు కంటే హిందీయే ముందు నోటికొస్తుంది. "అమ్మా, రోజ్ సుబహ్ కాఫీకి బదులు ఇది తాగు, దిన్ భర్ ఎనర్జీ ఉంటుంది" అంటూ రాగి పిండి జావ కాచి, చల్లార్చి, మజ్జిగా ఉప్పూ కలిపి నాకొక గ్లాసు, వాళ్ళ నాన్నకొక గ్లాసు ఇచ్చింది. మావారు ఒక గుక్క తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, అచ్చం మా అమ్మ చేసే అంబలిలా ఉందే అన్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "కాని మా అమ్మ ఇక్కడికొచ్చాక కాఫీ రుచే మరిగింది, అంబలి మాటే మరిచిపోయింది" అని నవ్వారు.

నేను గ్లాసు బల్లమీద పెట్టేసి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా అత్తగారు కాఫీ ఎందుకు తాగారో ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళుగా నేను చెప్పలేదు. నా వయసు ఆడవాళ్ళు, అత్తగారితో ఒకే వంటింట్లో కొన్నాళ్ళయినా మసలినవాళ్ళు, వింటే అర్థం చేసుకుంటారో, ఛీ అంటారో గాని, ఇక్కడ చెప్పేస్తాను.

పెళ్ళయి నేను భిలాయి వచ్చేసరికి మావారు ఉక్కు ప్లాంటులో కొత్తగా ఆఫీసరయ్యారు. సెక్టర్ 7లో క్వార్టరు. నేను విశాఖపట్నంలో, కాఫీ వాసనతో తెల్లవారే ఇంట్లో పుట్టినదాన్ని. సారెతో పాటు మా అమ్మ ఇత్తడి ఫిల్టరు కూడా పెట్టి పంపింది. మా వీధిలో ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా తెల్లవారేది. ఎదురింటి బీహారు వాళ్ళు సత్తు పిండి నీళ్ళలో కలిపి, నిమ్మకాయ పిండుకుని గటగటా తాగి డ్యూటీకి పోయేవారు. మా ఇంట్లో గిన్నెలు తోమే ఛత్తీస్‌గఢీ ఆవిడ, రాత్రి అన్నం వార్చిన గంజిని 'పసియా' అంటూ పొద్దున్నే తాగి వచ్చి, మధ్యాహ్నం దాకా అలుపన్నది లేకుండా నాలుగిళ్ళు చక్కబెట్టేది. వాళ్ళందరినీ చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. మా గుమ్మంలోంచి బయటికి వెళ్ళే డికాక్షన్ వాసన మేమెవరిమో వీధికంతటికీ చెబుతుందని నాకొక గర్వం.

మామగారు పోయాక అత్తగారు శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊరి నుంచి మా దగ్గరికి వచ్చారు. పెట్టెతో పాటు ఒక మూట చోడిపిండి తెచ్చుకున్నారు. రాగుల్ని అక్కడ చోళ్ళంటారు. ముందురోజు పిండి నీళ్ళలో కలిపి పులవబెట్టి, పొద్దున్నే నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, పెద్ద లోటాతో తాగి, ఇక పన్నెండింటి దాకా ఆకలన్న మాట ఎత్తేవారు కాదు. "ఏటమ్మా అలా వాడిపోయినావు, రవ్వంత అంబలి తాగు, ఒంటికి సలవ" అని నాకూ ఇవ్వబోయేవారు. ఆ పులుపు వాసన నాకు పడదన్నాను. పడకపోవడానికేం లేదు, మా ఇంటికి ఆ వాసన రావడం నాకిష్టం లేదు. నెల తిరక్కుండా ఆవిడ కుండనీ పిండినీ పెరట్లోకి తరలించాను. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా, పెరట్లో బొగ్గుల కుంపటి మీద కాచుకుంటూ, గిన్నెలు తోమే ఆవిడని 'సెల్లీ' అని పిలిచి తనతో పాటు ఒక గ్లాసు ఇచ్చేవారు. ఆవిడ ఈవిడని 'దాయీ' అనేది, వాళ్ళ భాషలో అమ్మ అని. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ గంటలకొద్దీ ఎలా మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఎండాకాలంలో ఒకరోజు పదింటివేళ, మావారి పై అధికారి భార్య మరో ఇద్దరు ఆడవాళ్ళతో మా ఇంటికి వచ్చింది. ఆఫీసర్ల ఇళ్ళ ఆడవాళ్ళందరూ కలిసి నడిపే క్లబ్బులో నన్ను చేర్చుకోవాలా వద్దా అని చూడడానికి వచ్చారని నాకు తెలుసు. వారం నుంచీ దానికోసమే కర్టెన్లు ఉతికాను, కప్పులు తుడిచాను. మావారు డ్యూటీలో ఉన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి, కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టి వచ్చేసరికి, అత్తగారు పళ్ళెంలో నాలుగు స్టీలు గ్లాసులతో అంబలి, పక్కన ఉల్లిపాయ ముక్కలు పెట్టుకుని ముందుగదిలో నిలబడి ఉన్నారు. చీలమండలపైకి కట్టిన నేత చీర, చేతుల నిండా పచ్చబొట్లు, నోరారా నవ్వు.

"ఎండన పడి వొచ్చినారు, తాగండమ్మా" అంటున్నారు.

ఆ అధికారి భార్య గ్లాసులోకి తొంగి చూసి, ముక్కు ఎగబీల్చి, నా వైపు తిరిగి "యే కౌన్ హై?" అని అడిగింది.

అత్తగారండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నా నోటిదాకా వచ్చిందనైనా చెప్పుకుంటే కొంత నయం, కాని అదీ రాలేదు. "కామ్‌వాలీ హై, గావ్ సే ఆయీ హై" అన్నాను. పనిమనిషి, ఊరి నుంచి వచ్చింది అని. అని ఊరుకోలేదు. ఎప్పుడూ 'మీరు' తప్ప అనని నేను, వాళ్ళకి అనుమానం రాకుండా, అత్తగారి వైపు తిరిగి "లోపలికి తీసుకెళ్ళు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి చూసి, పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయారు. నేను కాఫీ ఇచ్చాను. బాగుందన్నారు. క్లబ్బులో చేర్చుకున్నారు.

అత్తగారికి హిందీ రాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాని ఆ ఒక్క మాట ఆవిడకి రాకుండా ఎలా ఉంటుంది? రోజూ పొద్దున్నే తలుపు చప్పుడైతే 'కౌన్' అని అడగడం నేర్చుకున్నది ఆవిడే, 'కామ్‌వాలీ' అని జవాబొస్తే తలుపు తీసేదీ ఆవిడే.

మర్నాడు పొద్దున్న ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నాకూ రవ్వంత కాపీ పొయ్యమ్మా, నానూ తాగుతాను" అన్నారు. పెరట్లో కుంపటి వెలగలేదు, కుండ కనిపించలేదు. ఎందుకని నేను అడగలేదు. పైగా సంతోషించాను, మా అత్తగారికి కాఫీ అలవాటు చేశానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. మావారు మరీ మురిసిపోయారు. ఆ రోజు నుంచీ ఆవిడ కాఫీ తాగి, గుడికి వెళ్ళొస్తానని బయల్దేరి, చాలాసేపటికి తిరిగొచ్చేవారు. మా గుడి అయిదు నిమిషాల నడక. అంతసేపు అక్కడ ఏం చేస్తారని కూడా నేను అడగలేదు. మూడేళ్ళు అలా గడిచాక ఆవిడ మా మరిది దగ్గరికి ఊరెళ్ళిపోయారు. మేం చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా మావారు అమ్మకి ఇష్టమని కాఫీపొడి పొట్లాలు తీసుకెళ్ళేవారు. ఆవిడ రెండు చేతులా అందుకుని పక్కన పెట్టుకునేవారు.

ఆ తరవాత రెండేళ్ళకి ఆవిడ పోయారు. కర్మకాండలు ముగించి తిరిగొచ్చాక, గిన్నెలు తోమే ఆవిడకి చెప్పాను. ఆవిడ చేతిలో గిన్నె వదిలేసి పెరట్లోనే కూలబడి, దాయీ దాయీ అంటూ ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఒక్కొక్కటే చెప్పింది. మూడేళ్ళపాటు అత్తగారు వెళ్ళింది గుడికి కాదట, రైలు పట్టాల అవతల బస్తీలో వాళ్ళింటికట. చోడిపిండీ కుండా అక్కడే పెట్టుకున్నారట. కాఫీ తాగితే గుండెల్లో మంటగా ఉండేదట, అక్కడికెళ్ళి అంబలి తాగితే గాని నిమ్మళించేది కాదట. మీ ఇంట్లో ఎందుకు కాచుకోవు అని తను అడిగితే, "మై భీ తేరీ జైసీ కామ్‌వాలీ" అని, నేనూ నీలాంటి పనిమనిషినే అని, నవ్వేశారట.

"దీదీ, దాయీ నే బోలా థా, బహూ కో మత్ బతానా, ఉస్‌కో బురా లగేగా" అంది చివరికి. కోడలికి చెప్పకు, బాధపడుతుంది అన్నారట.

అంత విన్నాక కూడా నా నోట ముందుగా వచ్చిన మాట ఏమిటో తెలుసా? సాహబ్‌కి చెప్పొద్దు అని. ఆవిడ కళ్ళు తుడుచుకుని, సరే దీదీ అని మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది. ఆయన రిటైరయ్యాక మేం క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్ళోనే సుపేలా వైపు ఇల్లు కట్టుకుని వచ్చేదాకా మా ఇంట్లో పని చేసింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొన్న ఆదివారం అమ్మాయి వెళ్ళిపోయాక, సాయంత్రం మావారికి చెప్పాను. ఏదీ దాచకుండా, 'తీసుకెళ్ళు' అన్న మాటతో సహా చెప్పాను. అయితే ఆ కాఫీపొడి అంతా అమ్మ ఏం చేసేదో అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున్న నన్ను ఆటోలో సెక్టర్ 7కి తీసుకెళ్ళి, మా పాత క్వార్టరు ముందు దిగి, అమ్మ ఎటు వెళ్ళేదో చూపించు అన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆగుతూ ఆగుతూ నడిచాం. పట్టాలు దాటాక ఆ బస్తీ లేదు. వెడల్పాటి రోడ్డూ, అద్దాల దుకాణాలూ ఉన్నాయి. అక్కడివాళ్ళు ఎటు పోయారని ఇద్దరు ముగ్గుర్ని అడిగాం, ఎవరికీ తెలియదు. మాకు గంట పైన పట్టింది. "అమ్మకి ముప్పావుగంట పట్టేదేమో, వెళ్ళడానికే" అన్నారు మావారు, రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుంటూ. ఆయన పక్కన కూర్చోవడానికి నాకు ధైర్యం చాలక నిలబడే ఉన్నాను.

ఇప్పుడు పెళ్ళి విందుల్లో కూడా రాగి జావ అద్దాల గ్లాసుల్లో పోసి ఇస్తున్నారు. ఏ కోడలూ దాన్ని పెరట్లోకి నెట్టడం లేదు. మంచిదే. నిన్న అమ్మాయి ఫోన్ చేసి, పొట్లంలోది కాదు, నానమ్మ చేసినట్టే అసలైన అంబలి చేసుకుంటాను, పిండి ఎన్ని గంటలు పులవాలి, నూకలు ఎన్ని వెయ్యాలి చెప్పమని అడిగింది. అత్తగారితో ఒకే ఇంట్లో మూడేళ్ళకు పైగా ఉన్నాను. ఒక్కనాడూ ఆ కుండలోకి తొంగి చూడలేదు. తెలిసిన ఇద్దరిలో అత్తగారు లేరు, గిన్నెలు తోమే ఆవిడ ఎక్కడుందో తెలియదు.

నాకు తెలియదమ్మా అన్నాను.