దిక్కు తిప్పి నాటిన కానుగ

దయ్యాల పేరు మీద నేను ఇంతవరకు ఒక్క నిమ్మకాయ కూడా ఖర్చు పెట్టలేదు. మా వాడకట్టులో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో పోసేవాళ్లు. కూరలో పడాల్సినవి నిప్పుల్లో పోస్తారా అని నేను తిట్టేదాన్ని. బడికి మూడో తరగతి వరకే పోయాను. అయినా కళ్లతో చూడనిదాన్ని నమ్మకూడదన్న తెలివి నాకు ఎప్పుడూ ఉంది. ఇప్పుడు రాసేది కళ్లతో చూసిందే. నేను రాసిన దాంట్లో తప్పులు మా మనవరాలు మౌనిక దిద్దింది, అంతే. మాట మార్చలేదు.

మాది ఇబ్రహీంపట్నం. ఊరు దాటినాక సాగర్ రోడ్డు నుంచి లోపలికి వస్తే మాకు రెండెకరాల చెలక ఉంది. ఇల్లు, పశువుల కొట్టం, బావి అన్నీ అందులోనే.

ఆ రోజుల్లో హైదరాబాదులో మెట్రో రైలు పని నడుస్తోంది. స్తంభాలు అక్కడ లేస్తుంటే ధరలు మా దగ్గర లేచాయి. రేపోమాపో మెట్రో ఇటే వస్తుందని చెప్పి చుట్టూ ఉన్న చేలన్నీ ప్లాట్లు చేశారు. ఎటు చూసినా హద్దురాళ్లు, రంగు జెండాలు. మేము అమ్మలేదు. నేను అమ్మనివ్వలేదు.

మా చిన్నకొడుకు శ్రీశైలం ట్రైలర్ లారీ నడుపుతాడు. మెట్రో దారికి అడ్డం వచ్చిన చెట్లలో కొన్నింటిని కొట్టేయకుండా, వేళ్లతో సహా లేపి వేరేచోట నాటేవాళ్లు. వాటిని మోసే పని వాడికి దొరికింది. ముందు కొమ్మలు నరుకుతారట. చుట్టూ తవ్వి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి రాలకుండా గోనెసంచులు చుట్టి, క్రేనుతో లేపుతారట. మనుషులు ఇల్లు మారితే ఆటో దొరకదు, చెట్టు ఇల్లు మారితే క్రేనా అన్నాను నేను.

ఒకరోజు వాడు ఫోను చేశాడు. "అమ్మా, ఓ కానుగ చెట్టు మిగిలింది. పెట్టాల్సిన గుంతల బండ పడ్డది. ఊకె పొయ్యిలకు పోతది. మన కొట్టం కాడ పెడ్దామా?"

నేను అడిగింది ఒకటే, పైసలు ఎంతని. ఏమీ లేదన్నాడు. తెమ్మన్నాను. కొట్టం మీద రేకులు వేశాక ఎండాకాలం బర్రెలు రొప్పుతున్నాయి. ఊరికే వచ్చే నీడను కాదనడం ఎందుకు?

మర్నాడు పొద్దున్నే చెట్టు వచ్చింది. మలక్‌పేట వైపు ఒక బస్టాపు దగ్గర ఉండేదట. రోడ్డు వైపు కొమ్మలను తీగలకు, బస్సులకు అడ్డమని ఏళ్లకేళ్లుగా కొడుతూ వచ్చారు కాబట్టి ఆ వైపు బోడిగా ఉంది. కొమ్మలన్నీ వెనకవైపే. బోడివైపు మొద్దు, మనిషి భుజాల ఎత్తున, అద్దంలాగా నున్నగా ఉంది. వీపులు ఆని ఆని అట్లా అయిందని శ్రీశైలం చెప్పాడు. దానికి పైన మేకు, మేకుకు తుప్పు పట్టిన రేకు ముక్క. బస్సు నంబర్లో మిగిలిన ఒక్క అంకె దాని మీద కనిపిస్తోంది.

మొద్దుకు ఒకవైపు తెల్లసున్నంతో గీత గీసి ఉంది. వెంట వచ్చిన ముసలి మేస్త్రీ అది ఉత్తరం గుర్తు అన్నాడు.

"గా గీత ఉత్తరానికే రావాలె అక్కా. చెట్టు ఏ దిక్కు చూసి పెరిగిందో నాటినంక గా దిక్కే చూడాలె."

అట్లా నాటితే కొమ్మలు బావి మీదికి పోతాయి. బోడివైపు కొట్టానికి వస్తుంది. "బావికెందుకయ్యా నీడ? నాకు కొట్టం మీద కావాలె. తిప్పి పెట్టుండ్రి" అన్నాను.

అతను రెండోసారి కూడా చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. ఒక కొబ్బరికాయ కొట్టమని అడిగాడు. ఊరికే వచ్చిన చెట్టుకు కొబ్బరికాయ ఎందుకని, అందరికీ చల్ల పోసి పంపించాను.

అట్లా చెట్టును సగం తిప్పి నాటారు. సున్నం గీత దక్షిణానికి వచ్చింది. వీపులు ఆనిన నున్నటి వైపు బావికి ఎదురుగా వచ్చింది. చెట్టుకు, బావికి నడుమ ఇరవై అడుగులు. తర్వాత నేనే కొలిచాను. ఆ వైపు ఒకప్పుడు ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడిన చోటు కాబట్టి బావికి గట్టు లేదు.

రెండు నెలలకు చెట్టు చిగురు వేసింది. ఏడాది తిరిగేసరికి కొట్టం మీద నీడ పడింది. నా లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అప్పటికి ఆయనకు డెబ్బై నిండలేదు. షుగరు లేదు, మతిమరుపు లేదు. ఏ ఏడు ఏ బర్రె ఈనిందో ఇప్పటికీ తడుముకోకుండా చెప్తాడు. ఒక్క బస్సు మాత్రం ఆయనకు పడదు. డీజిల్ వాసనకు కడుపులో తిప్పుతుంది. పెళ్లిళ్లకైనా, పట్నం దవాఖానకైనా మోపెడ్ మీదే పోయేవాడు.

ఆ వానాకాలం నుంచి ఆయన అన్నం తిన్నాక చెట్టు కిందికి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. నీడవైపు కాదు, బోడివైపు. మొద్దుకు వీపు ఆనించి, పడమటి ఎండ మొహం మీద కొడుతున్నా కదిలేవాడు కాదు. నీడకు రావచ్చు కదా అంటే ఇక్కడే మంచిగుందనేవాడు. మాటిమాటికి మెడ తిప్పి కుడివైపు చూసేవాడు. అటు చూడటానికి ఏమీ లేదు. పక్కవాళ్ల ప్లాట్ల కంచె తప్ప.

"తాత ఎవరికోసమో చూస్తుండు నానమ్మా, నీకు తెల్వకుంట" అని మౌనిక ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. అది అప్పుడు ఇంటర్ చదివేది. అది కూడా సాయంత్రం పుస్తకం పట్టుకుని ఆ చెట్టు కిందే కూర్చునేది. ఏ వైపు కూర్చునేదో నేను చూసుకోలేదు.

ముందు ఆయన తువ్వాల ఒకటి పోయింది. దసరాకు కొన్న కొత్త తువ్వాల. చూస్తే బావిలో తేలుతోంది. బొక్కెనలు తీసే గాలం వేసి తీశాను. గాలికి పోయిందేమో అన్నాడు. ఆ రోజు ఆకు కదల్లేదు.

పది రోజులకు ఇంకొకటి పోయింది. అది గాలానికి అందకుండా మునిగిపోయింది.

"తువ్వాలలు చెట్టుకు కాస్తున్నయా?" అని అడిగాను.

"కాస్తే నువ్వు ఈపాటికి అంగడికి తీస్కపోయి అమ్ముకుందువు" అన్నాడు.

అంతటితో ఆయనకు చిరిగిన ధోవతి ముక్క ఇచ్చాను, పోయినా పోతుందని. వారంలో అదీ బావిలోనే పడింది. ఒడ్డున జారి పడినట్టు కాదు, సరిగ్గా బావి నడుమకు. ఎవరో చేతితో విసిరితేనే అంత దూరం పోతుంది. ఆయనను నిలదీశాను. నేను విసరలేదన్నాడు. ఆయన నాతో పోట్లాడతాడు గానీ అబద్ధం చెప్పడు.

నాలుగోసారి నేను చూశాను.

మధ్యాహ్నం మూడు దాటింది. కొట్టంలో కుడితి కలుపుతున్నాను. ఆయన చెట్టు కింద నుంచి గబుక్కున లేచాడు. లేవడానికి ఎప్పుడూ మోకాలు పట్టుకునే మనిషి, యువకుడిలాగా లేచాడు. భుజం మీది తువ్వాల తీసి ముడిచి బావిలోకి విసిరాడు. విసిరి, భుజాలు ముందుకు పెట్టి, మోచేతులతో ఎవరినో నెట్టుకుంటూ నడిచాడు. అక్కడ ఎవరూ లేరు. బావి అంచుకు పోయి ఎడమచెయ్యి పైకి ఎత్తాడు. పిడికిలి మూసుకుంది. కుడికాలు లేపాడు.

మా ఇబ్రహీంపట్నం బస్టాండులో బస్సు ఆగకముందే మగవాళ్లు కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టుకుంటారు. తర్వాత జనాన్ని తోసుకుని పోయి, కడ్డీ పట్టుకుని కాలు మెట్టు మీద పెడతారు. ఆ కాలు చూశాక నాకు అంతా ఒక్కసారే తెలిసింది.

ఒకసారి పిలిచాను. ఆయన తిరగలేదు. పరుగెత్తినా అందను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించి అన్నది కాదు.

"అది కాదయ్యా. మన బస్సు అది కాదు."

కాలు ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి నేల మీద ఆనింది. చెయ్యి దిగింది. వేరేవాళ్లకు దారి ఇచ్చినట్టు పక్కకు రెండడుగులు జరిగి, తిరిగి వచ్చి మొద్దుకు ఆనుకున్నాడు. ఎంతోసేపు నిలబడ్డాక వచ్చింది తన బస్సు కాకపోతే మనిషి మొహం ఎట్లా చిరాకుగా ఉంటుందో అట్లా ఉంది. అప్పుడు నన్ను చూశాడు.

"గట్లెందుకు నిలబడ్డవే? చేతికి కుడితి కారుతున్నది చూస్కో."

ఆయనకు ఏమీ గుర్తు లేదు. తువ్వాల బావి నడుమ తేలుతోంది.

శ్రీశైలానికి చెబితే చెట్టు కొట్టేద్దామన్నాడు. ఒకరోజు ఆగమన్నాను. మర్నాడు కందికాయల గంప పెట్టుకుని ఆ మొద్దుకు ఆనుకుని నేనే కూర్చున్నాను. బస్సు చప్పుడు వినిపించలేదు. ఎవరూ కనిపించలేదు. అరగంట కాయలు ఒలిచాను. తర్వాత చూసుకుంటే నా మెడ ఒక పక్క నొప్పి పెడుతోంది. కుడివైపు చూసి చూసి. గంప ఒడిలో పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, లేవడానికి తయారుగా ఉన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. నాకు కోపం వచ్చి ఉంది, ఇంకా రాలేదేమని. ఏది రాలేదో నాకు తెలియదు. కోపం మాత్రం నిజం.

ఆ సాయంత్రం కొబ్బరికాయ కొన్నాను. మేస్త్రీ అడిగినప్పుడు కొట్టనిది అప్పుడు కొట్టాను. మూడు రోజులు చూశాను. మా ఆయన బోడివైపే కూర్చున్నాడు, కుడివైపే చూశాడు.

తువ్వాలలైనా తీసుకుందామని మోటారు పెట్టి బావి తోడించాను. శ్రీశైలం లోపలికి దిగాడు. రెండోసారి మునిగిన తువ్వాల, చిరిగిన ధోవతి ముక్క, చివర విసిరిన తువ్వాల దొరికాయి. వాటితోపాటు జేబులో పెట్టుకునే మగవాళ్ల దస్తీ ఒకటి, అది మాది కాదు. మా దగ్గర కలుపుకు, కోతకు ఎంతోమంది వస్తారు, అన్నం తిని ఆ చెట్టు కింద కూర్చుంటారు. అడిగితే ఎవరూ మాదనలేదు. ఆఖరుకు శ్రీశైలం బురదలోంచి ఒక స్కార్ఫు తీసి ఒడ్డుకు వేశాడు. నీలం రంగుది.

అది మౌనికది. కాలేజీలో మరిచిపోయానని రెండు వారాల కింద నాతో తిట్లు తిన్నది.  ఎన్నడూ బావి దగ్గరికి పోలేదని ఒట్టు పెట్టింది. నేను దాని మాట నమ్మాను. అందుకే భయపడ్డాను.

చెట్టును కొట్టేస్తే ఆ ఎదురుచూసేది ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. బావి ఎక్కడుందో తెలుసు. ఆ రోజే పక్క ప్లాట్లవాళ్లతో మాట్లాడి, వాళ్లు తవ్వి పోసిన మట్టిని టిప్పర్లతో తెప్పించాను. ఆ బావిని మా మామ, అత్త గడ్డపారలతో తవ్వారు. మూడెండలు తవ్వితే నీళ్లు పడ్డాయని అత్త చెప్పేది. విరిగిన జల్లెడ కూడా పారేయని దాన్ని, ఊట ఉన్న బావిని పూడ్పించాను. రెండు రోజులు పట్టింది. మా ఆయన అటు తిరిగి చూడలేదు. 

తర్వాత చాన్నాళ్లకు మెట్రో నడవడం మొదలైంది. మౌనిక చూపిస్తానంటే ఎల్బీ నగర్లో ఎక్కి మలక్‌పేటలో దిగాం. శ్రీశైలం చెప్పిన గుర్తులు పట్టుకుని చెట్టు ఉన్న చోటికి పోయాను. అక్కడ స్తంభం ఉంది. దాని పక్కనే జనం బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఎదురుగా చాయ్ హోటలు. దాని యజమాని ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నాడట. ఆ చెట్టు కింద ఎవరైనా చచ్చిపోయారా, బస్సు కింద పడ్డారా అని అడిగాను.

"గట్లాంటిదేం లేదమ్మా. బస్సు కోసం నిలబడేటోళ్లు, ఎక్కిపోయేటోళ్లు. ఇంకేముంటది?" అన్నాడు.

నేను ఆ జనంలో కాసేపు నిలబడ్డాను. కోపం రాలేదు. మెడ తిరగలేదు. అక్కడ ఏమీ లేదు. ఉన్నదేదో ట్రైలర్ మీద మా ఇంటికి వచ్చేసింది.

బావి పూడ్చి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆ చోట గట్టి నేల ఉంది, కాలు పెట్టినా ఏమీ కాదు. చెట్టు బాగా పెరిగింది. మా ఆయన ఇప్పటికీ భోజనం చేశాక అక్కడే కూర్చుంటాడు. తువ్వాల నేను ఆయన భుజం మీద ఉండనివ్వను, ఇంట్లో దండేనికి ముడి వేసి పెడతాను.

మొన్న పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఆయన కుడివైపు చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"మనది ఎప్పుడొస్తదే?"

ఏది అన్నాను.  "ఏమో, ఊకెనే అడిగిన" అన్నాడు.

ఆ రోజు ఆయన బావి అంచున ఉండగా నేను అన్న మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. లేచి బావి దాకా పోయిందే గుర్తు లేదంటాడు. అది మన బస్సు కాదన్నది నేనే. అయితే మనది ఏదో, ఎటునుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.