వెనక వరండా నుంచి ముందుగదికి

ఆ రోజుల్లో కంప్యూటరు తెలిసిన కుర్రాడంటే ఇంటిల్లిపాదికీ సగం డాక్టరు, సగం భూతవైద్యుడు. ఎవరి ఫోను మొండికేసినా, టీవీలో బొమ్మ కదలకపోయినా నా దగ్గరికే వచ్చేవారు. నేనూ నాడి చూస్తున్నట్టు మొహం పెట్టి, ఆపి మళ్లీ ఆన్ చేసేవాణ్ణి. చాలా రోగాలకు అదే మందు. (తగ్గని రోగాలకు ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలీదు. తెలీదన్న సంగతి పైకి తెలియనివ్వకపోవడమే ఈ వైద్యంలో అసలు విద్య.) ఆ రోజులంటే ఎప్పుడో తాతల నాటివి కావు, మొన్నమొన్నటివే. కానీ ఇంట్లో వైఫై పెట్టించిన కొత్తలో నాకున్న ధీమా తలుచుకుంటే, అది మరెవరిదో అనిపిస్తుంది.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు అప్పగించి మలంచాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం గానీ, ఆయన స్నేహితులు మాత్రం ఆయన్ని వదల్లేదు. మధ్యాహ్నం భోజనాలు కాగానే ముగ్గురూ సైకిళ్ల మీద దిగేవారు. ముందుగదిలో ట్వెంటీనైన్ పేకాట మొదలయ్యేది. డబ్బుల్లేని ఆట కాబట్టి పౌరుషమంతా గొంతుల్లోనే ఉండేది. సరిగ్గా ఆ గదిలోనే, నాన్న కుర్చీ పక్కనే, నా కంప్యూటరు.

డ్రాఫ్ట్స్‌మన్ చదువు ముగించి, తిని కూర్చోవడంలో బాగా అనుభవం సంపాదించాక, నాకు ఓ అవకాశం వచ్చింది. ఇళ్ల ప్లాన్లు గీసే కలకత్తా ఆఫీసు ఒకటి ఇంటి నుంచే పని ఇస్తానంది. అయితే శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ వీడియో కాల్‌లో కూర్చుంటుంది, ఆవిడ కళ్లెదుట ఒక ప్లాన్ గీసి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం నుంచి మా మామయ్య టైర్ల కొట్లో కూర్చోవాలని ఇంట్లో పెద్దలు తీర్మానించేశారు. మామయ్య అప్పుడే నాకోసం ఓ స్టూలు కూడా కొన్నాడు. ఆ స్టూలు నా కలల్లోకి వచ్చేది.

చిక్కేమిటంటే, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేరు ముందుగది కంప్యూటర్లో ఉంది. దానికి కెమెరా లేదు, చుట్టూ పేకాట. (కాసేపు ఆట ఆపమనొచ్చుగా అంటారేమో, మా నాన్న స్నేహితుల్ని మీరు చూడలేదు.) కెమెరా ఉన్న పాత లాప్‌టాప్‌కేమో ఆ సాఫ్ట్‌వేరు మోసే ఓపిక లేదు. కంప్యూటర్నే వెనక వరండాలోకి మార్చుదామంటే అక్కడ ప్లగ్గు లేదు, పైగా వాన జల్లు. అందుకని ఒక బ్రహ్మాండమైన ఉపాయం పన్నాను. వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని, ఇంటి వైఫై మీదుగా ముందుగది కంప్యూటరు తెరను లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, అక్కణ్ణుంచే దాన్ని నడుపుతానన్నమాట. బుధవారం పొద్దున్న నాన్న చేపలకి బజారు వెళ్లినప్పుడు ప్రయత్నిస్తే చక్కగా పనిచేసింది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

ఆ మధ్యాహ్నం నాన్న బల్ల కిందున్న కంప్యూటరు డబ్బాకేసి చూసి, దాని ముందు గుచ్చి ఉన్న గోరంత ముక్క ఏమిటని అడిగాడు. వైఫై అందుకునేది అదే. ఆయనకు సిగ్నళ్లూ తరంగాలూ ఏం చెబుతాంలే అని, చదువుకున్నవాడు చదువుకోని లోకం మీద చూపించే దయతో, అది ఫ్యూజు లాంటిదనుకోమన్నాను. అది ఉంటే లైను ఉన్నట్టు, పీకితే లైను పోయినట్టు. ఆయన శ్రద్ధగా తలూపాడు. తరవాత నేను వరండాలోకి వెళ్తూ, "నాన్నా, నేను ఎనక నించి దీని మీద పని సేస్తాను. ఎవులూ ముట్టుకోకండా సూడు" అన్నాను.

"ఎల్లు. నువ్వొచ్చీదాకా నేను కాస్తాను" అన్నాడు నాన్న, పేకముక్కలు కలుపుతూ.

వరండాలో కూర్చుని చూస్తే ముందుగది కంప్యూటరు కనిపించలేదు. లాప్‌టాప్‌కి వైఫై బాగానే ఉంది, అవతలి మనిషే పలకడం లేదు. లేచి ముందుగదిలోకి వెళ్లాను. అడుగు పెట్టగానే కంప్యూటరు టింగుమంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి, సిగ్నలు నిండుగా ఉంది. తిరిగి వరండాకి వస్తే మళ్లీ లేదు. మళ్లీ వెళ్లాను, మళ్లీ టింగు. నన్ను చూసి పలకరిస్తోందని మొదట కాస్త సంబరపడ్డాను కూడా. మధ్యగది అటక మీదున్న రూటర్ని ఆపి ఆన్ చేశాను. పాస్‌వర్డు మార్చాను. కంప్యూటరు పేరు మార్చాను. రక్షణకుండే గోడలన్నీ కూల్చి దొంగలకు తలుపులు బార్లా తీసి పెట్టాను. పొద్దున్న పనిచేసింది మధ్యాహ్నం ఎందుకు చెయ్యదంటే, ఆ వేళకి మలంచా మొత్తం సీరియళ్లు చూస్తుంది గనక గాలిలో రద్దీ ఎక్కువని ఓ సిద్ధాంతం కూడా తయారుచేశాను.

గురువారం హిజ్లీ బావని పిలిపించాను. హిజ్లీ క్యాంపస్‌లో ఏదో ల్యాబులో పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు. సైకిలు దిగి, చెమట తుడుచుకుని, ఇల్లంతా ఓ చుట్టు చుట్టి, మధ్యగదిలో అమ్మ ఇనప బీరువా దగ్గర ఆగాడు. తరంగాలన్నీ ఇదే మింగేస్తోందన్నాడు. చీరలన్నీ దింపి, నాన్న స్నేహితుల సాయంతో, బీరువాని వంటింట్లోకి తోశాం. (అమ్మ ఆ రాత్రి దాని చుట్టూ తిరుగుతూ వంట చేసింది.) అందరం కలిసి ముందుగదిలోకి వెళ్లి చూస్తే సిగ్నలు నిండుగా ఉంది. బావ గర్వంగా నవ్వాడు. ఇద్దరం వరండాలోకి వచ్చాం. అవతలివాడు పలకలేదు. బావకి హఠాత్తుగా ల్యాబులో పని గుర్తొచ్చింది.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఇంకో వింత జరిగింది గానీ నా గొడవలో నేను పట్టించుకోలేదు. పేకాట మధ్య వరండాలోకొచ్చి టీ తాగి వెళ్లే నాన్న కుర్చీలోంచి లేవడం మానేశాడు. స్నేహితులు వెళ్లిపోయినా అక్కడే కూర్చునేవాడు. "మీ నాన్నకి ఏటైందో ఏటో, కుర్సీకి అతుక్కుపోనాడు" అని అమ్మ నాతో అంది. మోకాళ్ల నొప్పులేమో అన్నాను, డాక్టర్ని కదా.

శుక్రవారం వచ్చింది. మేడమ్ లాప్‌టాప్ తెర మీద ప్రత్యక్షమై, మొదలుపెట్టమంది. అవతలి కంప్యూటరు లేదు. ఒక్క నిమిషం అని ముందుగదికి పరుగెత్తాను. టింగు. తిరిగి పరుగెత్తాను. లేదు. మళ్లీ అదే. మూడోసారి వచ్చేసరికి మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. మామయ్య కొన్న స్టూలు కళ్లముందు కదిలింది. ఇక పరువు పోతే పోయిందని, కాల్ నడుస్తుండగానే లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుని, కెమెరా ముందుకు తిప్పి, ముందుగదిలోకి నడిచాను. నేను చూస్తున్నది తలుపు గడప, తడబడకుండా దాటాలని. గదిని చూస్తున్నది మేడమ్.

"కాకు పకేట్ థేకే కీ బార్ కొర్లేన్?" అందావిడ. బాబాయిగారు జేబులోంచి ఏం తీశారని.

తలెత్తాను. నాన్న ఎడంచేత్తో పేకముక్కలు పట్టుకుని, కుడిచేత్తో చొక్కాజేబులోంచి తీసిన గోరంత ముక్కని, కింద డబ్బాకి గుచ్చుతున్నాడు. టింగు.

ఎందుకలా చేశావని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"లైను మీద పని సేస్తన్నానని నువ్వే సెప్పినావు. ఫ్యూజు ఇదేనని నువ్వే సెప్పినావు. పని సేసినోడు కళ్లెదరకి వచ్చీదాకా ఫ్యూజు ఎలాగెడతాను?"

మేడమ్‌కి ఆ తెలుగు అర్థం కాలేదు. నాన్న ఆవిడ కోసం తన వర్క్‌షాపు బెంగాలీలో, ఎంతో గంభీరంగా, మొదటినుంచీ వివరించాడు. ఆవిడ మొదట పెదవి బిగించి వింది, తరవాత తెరలోంచి పక్కకి ఒరిగిపోయింది. కాసేపు నవ్వు మాత్రమే వినిపించింది. ఆ పేకాట మధ్యనే నేలమీద లాప్‌టాప్ పెట్టి, ముందుగది కంప్యూటర్లోనే ప్లాన్ గీశాను. అందులో వంటింటికి తలుపు పెట్టడం మరిచిపోయాను కూడా. సోమవారం నుంచి పనిలో చేరమనీ, ముందు మీ నాన్నగారి దగ్గర ఫ్యూజు తీసుకోమనీ అందావిడ. నాన్న అది ఆఫీసు ఆర్డరనుకుని, అప్పటికప్పుడు ముక్క పీకి నా చేతిలో పెట్టాడు. ఆవిడ నవ్వుతూనే కాల్ ముగించింది.

ఆ సాయంత్రం నవ్వుకుంటూ టీ తాగుతున్నప్పుడు ఆయన మెల్లగా చెప్పాడు. కొత్తగా చేరిన రోజుల్లో ఎవరో చూసుకోకుండా ఫ్యూజు పెట్టేశారట. లైను మీద ఉన్నది ఆయన జోడీ. ఆ మనిషి బతికాడు గానీ మళ్లీ స్పానరు పట్టలేదు. అప్పటినుంచి ఎవరు పని చేస్తున్నా ఫ్యూజు నాన్న జేబులోనే ఉండేదట. "ఫ్యూజు జేబులో ఉన్నోడు కదలకూడదురా" అన్నాడు. రెండు రోజులుగా కుర్చీకి ఎందుకు అతుక్కుపోయాడో అప్పుడు తెలిసింది నాకు. వరండాలో నేను మీటలు నొక్కుతూ రూటర్ని తిట్టుకుంటుంటే, ఆయన అక్కడ నా ప్రాణానికి కాపలా కాస్తున్నాడు. నవ్వొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది.

మొన్న ఎండాకాలంలో స్నానాలగది వైరింగు బాగుచెయ్యడానికి మనిషి వచ్చాడు. నేను పెద్దరికంగా ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. కాసేపటికి మామిడిపళ్లు గుర్తొచ్చి స్కూటరెక్కి బజారుకి వెళ్లిపోయాను. బేరం మధ్యలో మా ఆవిడ ఫోను చేసింది. పని ఎప్పుడో అయిందట, ఇంట్లో ఫ్యాన్లు తిరగడం లేదట, ఫ్యూజు ఎక్కడుందని ఇల్లంతా వెతుకుతున్నారట. జేబు తడుముకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న ఉక్కలో, అదే కుర్చీలో విసనకర్రతో కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపాడు. ఫ్యూజు ఇచ్చేశాను. ఇంకా వంటింట్లో ఓ స్విచ్చి మార్చాల్సి ఉందని గుర్తొచ్చి ఆ మనిషి మళ్లీ లోపలికి వెళ్లాడు. నాన్న ఫ్యూజు జేబులో వేసుకున్నాడు. మా ఆవిడ వరండాలోంచి టీకి పిలిచింది. నేను లేచాను, ఆయన లేవలేదు.