తట్టి వినే వేలు

పక్క ఫ్లాట్ అంకుల్‌ని తలచుకుంటే ముందు ఆయన కుడి మధ్యవేలు గుర్తొస్తుంది. ఆయనది కాకినాడ. గ్లాస్గోలో ఊపిరితిత్తుల డాక్టరుగా రిటైరయ్యారు. రోగి వీపు మీద ఎడమ చెయ్యి ఆన్చి, ఆ వేలితో తట్టి, లోపల నీరు చేరిందో లేదో చెప్పేవారట; మొద్దుగా పలికితే చేరినట్టే. అక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా కొత్తగా చేరిన నాకూ అది నేర్పారు.

నాకు పరిచయమయ్యేసరికి ఆయన చూస్తున్న రోగి ఒక ఓడ. నది ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన పాతకాలం చెక్క క్లిప్పర్, అంటే వేగంగా పోయే తెరచాప ఓడ. తెరచాపలెత్తి ఆస్ట్రేలియాకి వలసజనాన్ని చేరవేసి, ఉన్ని మూటలతో తిరిగొచ్చేదట. ఆవిరి ఓడలొచ్చాక కలప మోసింది. చివరికి తెరచాప కొయ్యలు కోసేసి, అంటురోగుల ఆస్పత్రిగా రేవులో కట్టేశారు.

"చూశావామ్మా, ఇది కూడా ఆస్పత్రి డ్యూటీ చేసే రిటైరయింది," అనేవారు.

ఆదివారాలు వాలంటీరుగా వెళ్లి దాని చెక్కలన్నీ తట్టేవారు. ఒకరోజు నేనూ వెంట వెళ్తే, అడుగున ఒక దూలం మొద్దుగా పలికింది. మళ్లీ తట్టారు. మ్యూజియం మేనేజర్ వచ్చి అడిగితే "బాగానే ఉంది" అన్నారు. కారెక్కాక మాత్రం, "లోపలంతా పుచ్చిపోయిందమ్మా. చెప్తే మొత్తం విప్పేస్తారు," అన్నారు.

ఆ చలికాలం ఆయనకి దగ్గు పట్టుకుంది. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లమంటే వినలేదు.

"నువ్వూ డాక్టరువేగా, తట్టి చూడు," అని చొక్కా ఎత్తి అటు తిరిగారు.

తట్టాను. కుడివైపు కింద మొద్దుగా పలికింది. మళ్లీ తట్టాను.

"ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది అంకుల్."

ఆయన నెమ్మదిగా చొక్కా దించుకున్నారు.

"మేనేజర్‌తో నేనూ అలాగే అన్నాను కదమ్మా."