తెర చెప్పిన తప్పులు

మా అచ్చాఫీసులో కంపోజింగ్ చేసే అక్క ఇరవై రెండేళ్లలో ఒక్క మాట పడలేదు. మొన్న ఆవిడ కంప్యూటర్‌లో లినక్స్ అప్‌డేట్ అయ్యాక తెర మీద ఒత్తులన్నీ పక్కకు జారిపోయాయి. మెకానిక్‌ని పిలుద్దామంటే ఓనరు, "నీకు చేతుల్లేవా అక్కా? దిద్దెయ్!" అన్నాడు.

మూడు రోజులు మెడ విరిగేలా కూర్చుని, తెర మీద సరిగ్గా కనబడేదాకా, అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం రెండు వందల పేజీలూ దిద్దింది.

నాలుగో రోజు ఓనరు కంప్యూటర్‌కీ అదే రోగం తగిలింది. మెకానిక్ ఆగమేఘాల మీద వచ్చాడు. "ఫాంటు ఒక్కటే చెడిందండీ, ఫైళ్లు బాగానే ఉన్నాయి" అని రెండు మిషన్లూ ఐదు నిమిషాల్లో బాగుచేశాడు. దాంతో అక్క దిద్దినవన్నీ తప్పులై కూర్చున్నాయి.

"మా అక్కే పాడుచేసిందండీ, వయసైపోయింది కదా" అని ఓనరు ఆవిడ ఎదుటే ఆ పుస్తకం రచయితకు ఫోనులో చెప్పాడు.

దిద్దమన్నది మీరే కదా అనాల్సిన నేను, పక్కనే ప్రూఫు కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.