అట్టముక్క పరీక్ష

ఆస్పత్రిలో ఆమెను అందరూ అట్టముక్కక్క అంటారు. ఆపరేషన్ పనిముట్లు కడిగి, పదును చూసి, ఆవిరి పెట్టెలో కాచి పైకి పంపే గదిలో ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. అందులోనూ వెన్నెముక ట్రే అంటే ప్రాణం. తుంటి నుంచి ఎముక గోకి తీసే చిన్న గరిటెలు, నరానికి అడ్డొచ్చిన ఎముకను కొరికే పటకార్లు, తీసిన ముక్కల్ని రెండు పూసల మధ్య కూరి బిగించే సరంజామా, అన్నీ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. కొరికే ప్రతి పటకారుతోనూ ముందు ఓ అట్టముక్కను కొరికించి చూస్తుంది. గాటు అంచు నున్నగా తెగితే పాసు. ఒక్క పీచు వేలాడినా ఆ పటకారు సానకు పోతుంది.

ఇంట్లో మాత్రం పరీక్ష పెట్టేది అత్తగారు. కోడలు కడిగిన గ్లాసును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, తానే మళ్లీ కడిగి గానీ నీళ్లు తాగదు. "గిన్నెలు తోమినందుకు నీకు జీతం కూడా ఇస్తున్నారా? ధర్మాత్ములు!" అంటుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలన్నారు గానీ, పాపం, ఈమెకు ఆ అవకాశమే దక్కలేదు.

అలాంటి అత్తగారి నడుములో పూస జారింది. ఎడమకాలు మొద్దుబారుతోంది. ఆలస్యమైతే పూర్తిగా చచ్చుబడుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. అయినా ఒకసారి ఆస్పత్రి మెట్ల దాకా వచ్చి, "నాకేం నొప్పి లేదు" అంటూ వెనక్కి తిరిగింది ఆ మహాతల్లి. కోడలు నెల రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఎట్టకేలకు ఒప్పుకుంది.

ఆపరేషన్ రోజు పనిముట్ల గది గుమ్మంలోనే సూపర్‌వైజరు కోడల్ని ఆపేశాడు. "సొంతవాళ్ల ట్రే ముట్టుకోకూడదు. ఇవాళ నువ్వు పేషెంటు తాలూకు మనిషివమ్మా."

"ముట్టుకోను సార్. అట్ట ఒక్కటి చూపించండి చాలు."

ఆయన నవ్వుతూ చూపించాడు. ఆరు గాట్లు. ఐదు నున్నగా ఉన్నాయి. ఆరో దానికి వెంట్రుకంత పీచు. అది ఆయన కళ్లజోడుకు ఆనలేదు. ట్రే అప్పటికే పైకి వెళ్లిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపితే వేరే పటకారు కాచి పంపడానికి గంటన్నర. ఆ గంటన్నరలో అత్తగారు స్ట్రెచర్ బండి దిగి ఇంటిదారి పట్టినా పడుతుంది. ఆపకపోతే, పదును పోయిన పటకారు ఎముకను కొరకదు, పీకుతుంది. పక్కనే నరం. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ అట్ట పట్టుకుని ఆపరేషన్ గదికి మెట్లెక్కింది.

పెద్ద డాక్టరు అట్టను వెలుగుకు పెట్టి చూశాడు. మొహం నిండా చిరాకు ఉన్నా, "వేరేది కాచి పంపండి" అన్నాడు.

బండి మీద పడుకున్న అత్తగారు మెడ తిప్పింది. "ఎందుకు ఆపారు?"

"మీ కోడలే ఆపించిందండీ. ఏదో పటకారు నచ్చలేదట," అంది నర్సు.

అత్తగారు దిగబోతే పట్టుకుందామని కోడలు చేతులు చాచింది.

"దానికి నచ్చలేదా?" అత్తగారు దుప్పటి మళ్లీ మీదికి లాక్కుంది. "అయితే నచ్చినదే తెప్పించండి. ఈ ఆస్పత్రి గౌనుతో నేనెక్కడికి పోతాను!"

ఆపరేషన్ బాగా జరిగింది. మూడోరోజు అత్తగారు ఎడమకాలి వేళ్లు ఆడించి, అదేదో ఘనకార్యమైనట్టు వార్డంతటికీ చూపించింది. ఆ అలసటకి దాహమేసింది. కోడలు గ్లాసు కడిగి, నీళ్లు పోసి అందించింది.

అలవాటు కొద్దీ అత్తగారి చెయ్యి గ్లాసును కిటికీ వైపు ఎత్తింది. సగంలో ఆగింది. ఆవిడ కోడలి వైపు ఓసారి చూసి, గటగటా తాగేసింది.

"ఇంకో గ్లాసు పొయ్యి," అంది మూతి తుడుచుకుంటూ. "ఆ నర్సు కడిగిన దాంట్లో కాదు. నువ్వు కడిగిన దాంట్లోనే."